అలంకరించిన పాత ట్రాక్టర్ల వెంట: విశాఖ నుంచి మాడుగుల దాకా ఒక దారి

విశాఖపట్నంలో కారు తీసేవాళ్లకు అలవాటైన దారులు రెండే. ఒకటి భీమిలి సముద్రపు ఒడ్డు, రెండోది అరకు ఘాటు. పడమటి వైపు సబ్బవరం, చోడవరం, మాడుగుల మీదుగా కొండల కిందికి వెళ్లే మూడో దారి ఒకటుంది. అటు పనుంటే తప్ప ఎవరూ వెళ్లరు. చెరుకు, వరి, మధ్యమధ్య సరుగుడు తోటలు, చెరువు గట్లు. ఆ ఊళ్లలో ముప్ఫై నలభై ఏళ్ల నాటి ట్రాక్టర్లు ఇంకా దుక్కి దున్నుతున్నాయి. పండగ వచ్చిందంటే పసుపూ బంతిపూలూ రంగుల కుచ్చులూ కట్టుకుని రోడ్డెక్కుతాయి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కులిన్ అనే చిన్న ఊరి దగ్గర రైతులు పాత డ్రమ్ములతో, పనికిరాని ఇనుప సామానుతో గుర్రపు బొమ్మలు చేసి రోడ్డు పక్కన నిలబెట్టారు. ఆ రోడ్డుకు టిన్ హార్స్ హైవే అని పేరే పడిపోయింది. అక్కడ ఏ రోజు వెళ్లినా బొమ్మలు ఉన్నచోటే ఉంటాయి. మన దగ్గర అలాంటి బోర్డులూ లేవు, నిలబెట్టిన బండ్లూ లేవు. మన ట్రాక్టర్లకు పని ఉంది. మన సెలవు చూసుకుని బయలుదేరితే ఖాళీ రోడ్డు కనిపిస్తుంది. బండి పని చూసుకుని బయలుదేరితే బండి కనిపిస్తుంది. ఈ ప్రయాణంలో అసలు కిటుకంతా ఇదే కాబట్టి మొదటి మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను.

1. ముందు రోజు కుదుర్చుకోండి, దారి తరవాత

అలంకారం చూడాలంటే అన్నిటికంటే మంచిది దసరా. ఆయుధ పూజ పేరుతో మహర్నవమి నాడో విజయదశమి నాడో ప్రతి ఊళ్లోనూ బండ్లను కడుగుతారు. తెల్లవారుజామునే బోరు దగ్గరకో చెరువు గట్టుకో ట్రాక్టర్ చేరుతుంది. చక్రాల పళ్ల మధ్య ఇరుక్కున్న మట్టిని గునపంతో తీస్తారు. తరవాత బానెట్‌కు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. ముందు అరటి పిలకలు, రేడియేటర్ జాలీకి మామిడి తోరణం, దీపాల చుట్టూ బంతి దండ. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి నేలకేసి కొట్టి, బండిని నాలుగడుగులు ముందుకు నడిపి నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆపైన పిల్లలు గోల చేస్తుండగా వీధిలో ఒక చుట్టు తిప్పడం ఉండనే ఉంది. ఈ తతంగం ఉదయం 8 నుంచి 11 లోపు చాలా ఇళ్లలో ముగిసిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయలుదేరేవారికి వాడిన దండలే దక్కుతాయి.

దసరా కుదరకపోతే సంక్రాంతి. కనుమ పశువుల పండగే. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చిన ఇళ్లలో ఆ బొట్టూ ఆ దండా ట్రాక్టర్‌కు దక్కుతున్నాయి. దీన్ని చూసి సంప్రదాయం చెడిపోయిందని నిట్టూర్చేవాళ్లుంటారు. నాకు మాత్రం తిండి పెట్టే జీవానికి మొక్కాలన్న బుద్ధి ఇనుము దాకా సాగిందనే అనిపిస్తుంది.

సంక్రాంతి తరవాత అనకాపల్లి, చోడవరం ప్రాంతాల్లో తీర్థాల కాలం, అంటే ఊరి జాతరల కాలం మొదలవుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. కనుమ నాడు అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ కింద జరిగే తీర్థం వీటిలో పేరున్నది. ఆ కొండ మీద బౌద్ధ గుహలు, ఏకశిలా స్తూపాలు ఉన్నాయి. కొన్ని తీర్థాల్లో ఎడ్ల పరుగులు, గుర్రపు పరుగులు కూడా పెడతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేది ట్రాక్టర్ల మీదే. సాయంత్రం మూడింటికి తీర్థం జరిగే ఊరి పొలిమేరలో నిలబడితే బండ్లు వరుసగా ఎదురొస్తాయి. ఏ ఊళ్లో ఏ రోజో తెలుసుకోవాలంటే చోడవరంలో ఏ టీ దుకాణంలోనైనా అడగండి, వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.

ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతర మొదలవుతుంది. జనం విపరీతంగా ఉంటారు. బండ్లను తీరిగ్గా చూసే వీలుండదు కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకు దాన్ని చెప్పను. వినాయక నిమజ్జనం రోజుల్లో ట్రాక్టర్లకు లైట్లు, సౌండు బాక్సులు తగిలిస్తారు. అది చూడాలంటే రాత్రి ప్రయాణం తప్పదు, దానికి నేను ఒప్పుకోను. కారణం ఆరో మెట్టులో ఉంది.

ఇక జ్యేష్ఠ పౌర్ణమి, అంటే ఏరువాక. ఒకప్పుడు నాగలికి, ఎడ్లకు పూజ చేసి మొదటి చాలు తీసేవారు. ఇప్పుడు ట్రాక్టర్ వెనక గొర్రు కట్టి అదే చాలు తీస్తున్నారు. అలంకారం తక్కువ, ఒక బొట్టు, ఒక దండ. అయితే దండ వేసుకున్న బండి నిజంగా పొలంలో దిగి పని చేయడం ఈ ఒక్క రోజే కనిపిస్తుంది.

పండగలేవీ కుదరకపోతే చెరుకు నరికే కాలం, డిసెంబరు నుంచి మార్చి దాకా. బండ్లకు పూలుండవు. రంగులు, రాతలు, కుచ్చులు ఏడాది పొడవునా ఉండేవే కాబట్టి అవి చూడవచ్చు. చోడవరం దగ్గర గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఆడుతున్న రోజుల్లో చెరుకు బండ్లు బారులు తీరి కనిపిస్తాయి. ఈ మధ్య కొన్నేళ్లుగా చెరుకు రైతులకు, మిల్లులకు కష్టకాలం నడుస్తోంది. ఆ ఏడు మిల్లులో చెరుకు ఆడుతున్నారో లేదో ముందుగా కనుక్కున్నాకే అటు వెళ్లండి.

2. పాత బండిని గుర్తుపట్టడం నేర్చుకోండి

రంగును నమ్మవద్దు. ఉత్తరాంధ్ర పెయింటర్ చేతిలో పడ్డ బండి ఏ కంపెనీదో దాని రంగు చెప్పదు. నీలం ఫోర్డు ఎర్రగా మారి ఉంటుంది, ఎర్ర మాసీ ఫెర్గూసన్‌కు ఆకుపచ్చ మడ్‌గార్డులు ఉంటాయి. చూడాల్సింది బానెట్ ఆకారం, ముందు జాలీ, ఇంజను మీద పోతపోసిన అక్షరాలు.

కొన్ని పేర్లు తెలిసి ఉంటే యజమానితో మాట సులువవుతుంది. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టర్‌గా చెప్పేది 1959లో ఫరీదాబాద్‌లో వచ్చిన ఐషర్. తరవాతి కాలపు చిన్న ఐషర్లలో ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను ఉండేది. బండి మలుపు తిరగకముందే దాని చప్పుడు చెబుతుంది, విడివిడిగా ఒక్కొక్క దెబ్బ వినిపిస్తుంది. మద్రాసు కేంద్రంగా 1960లో మొదలైన టాఫే, మాసీ ఫెర్గూసన్ బండ్లను ఊరూరికీ చేర్చింది. అందులో 1035 నమూనా ఇప్పటికీ చాలాచోట్ల తిరుగుతోంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా 1963లో మొదలుపెట్టిన వరుసలోది బి-275. చెకోస్లోవేకియా జెటార్ నమూనాతో హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో తయారీ మొదలుపెట్టింది. ఆ సంస్థ ట్రాక్టర్లు చేయడం మానేసింది కాబట్టి హెచ్‌ఎంటీ అని రాసి ఉన్న బండి కనిపిస్తే ఆగి చూడాల్సిందే. ఎస్కార్ట్స్ తయారుచేసిన ఫోర్డు 3600, పంజాబ్ నుంచి 1974లో వచ్చిన స్వరాజ్ కూడా ఈ తరానివే.

నంబరు ప్లేటు కూడా కొంత కథ చెబుతుంది. ఏపీ 31 ఉమ్మడి విశాఖపట్నం జిల్లాది, 35 విజయనగరానిది, 30 శ్రీకాకుళానిది. 5 గాని 37 గాని కనిపిస్తే గోదావరి జిల్లాల్లో మొదటి కాపురం చేసి ఇక్కడికి సెకండ్‌హ్యాండులో వచ్చిన బండి అనుకోవచ్చు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస మొదలైంది. ఆ నంబరున్న కొత్త బండ్లు ఎంత బాగా అలంకరించుకున్నా ఈ ప్రయాణంలో లెక్కలోకి రావు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరును బట్టి వయసు కట్టాలని మాత్రం ప్రయత్నించకండి. పాత బండ్లలో అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

3. దారి

రానూపోనూ సుమారు 150 కిలోమీటర్లు. ఒక్క పగలు సరిపోతుంది. ఉదయం 6 గంటలకు విశాఖలోని ఎన్‌ఏడీ కూడలి దాటేయండి. గోపాలపట్నం, పెందుర్తి మీదుగా సబ్బవరం. ఇక్కడిదాకా ఊరి వాసన రాదు, లారీలూ అపార్టుమెంట్లే. సబ్బవరంలో అనకాపల్లి వైపు తిప్పే పెద్ద రహదారిని వదిలి చోడవరం రోడ్డు పట్టుకోండి. ఇది భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్లే పాత రోడ్డు, అందరి నోటా బి.ఎన్. రోడ్డు. వానలు పడ్డ ఏడు దసరాకు ఈ రోడ్డు మీద గుంతలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాల్సి రావచ్చు. ఎత్తు తక్కువ కారైతే ఇంట్లోనే వదిలి మోటారు సైకిలు మీద రండి.

చోడవరం చేరేలోపు మెయిన్ రోడ్డు మీదే ఉండిపోకండి. కె.కోటపాడు వైపు, దేవరాపల్లి వైపు చీలే రోడ్లలో ఏదో ఒకదాంట్లోకి తిరగండి. దేవరాపల్లి దగ్గర శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం ఉంది. విశాఖ వాసులు తాగే నీళ్లలో కొన్ని అక్కడివే. ఆయకట్టు ఊళ్లలో వరి ఎక్కువ, కాబట్టి దమ్ము పట్టే బండ్లూ ఎక్కువే. పండగ రోజు దమ్ము చక్రాలు, అంటే బురద పొలంలో వాడే ఇనుప చక్రాలు, విప్పి గోడకు ఆనించి ఉంటాయి. వాటికి కూడా బొట్లు పెట్టి ఉంటాయి, చూడండి.

చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉంది. కొత్తగా కొన్న బండైనా, కొత్తగా రంగు వేయించిన బండైనా వినాయకుడి ముందు ఒకసారి ఆగాలన్నది ఎవరికీ చెప్పనక్కర్లేని ఆనవాయితీ కాబట్టి గుడి దగ్గర కాసేపు ఆగడం వృథా పోదు. తరవాత వడ్డాది మీదుగా మాడుగుల. కొండలు దగ్గరవుతున్న కొద్దీ పొలాలు చిన్నవవుతాయి, బండ్లు ఇంకా పాతవవుతాయి. నా లెక్కలో ఈ 20 కిలోమీటర్లే మొత్తం ప్రయాణానికి గుండెకాయ. మాడుగులలో హల్వా కొనుక్కోండి. గోధుమ పాలు, నెయ్యి కలిపి చేస్తారు, నిలవ ఉంటుంది. పాడేరు ఘాటు ఎక్కాలన్న ఆశ పుడుతుంది, ఆ రోజుకు ఆపుకోండి.

తిరుగు ప్రయాణంలో చోడవరం నుంచి అనకాపల్లికి దిగండి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అక్కడుంది. ఉదయం పూట బెల్లం దిమ్మలతో వచ్చే బండ్లను చూడాలనుకుంటే మొత్తం దారిని తిరగేసి అనకాపల్లి నుంచే మొదలుపెట్టండి. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద విశాఖ 35 కిలోమీటర్లు, చీకటి పడకముందే ఇల్లు చేరతారు.

రెండో రోజు కూడా ఉంటే కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట, తాటిపూడి జలాశయం వైపు వెళ్లవచ్చు. ఆనందపురం, పద్మనాభం వైపు బండ్లు తక్కువే గాని ఆనందపురం పూల మార్కెట్ ఉంది. దసరా ముందు రోజు అక్కడికి వెళితే ఇన్ని బండ్లకు అన్ని బంతి దండలు ఎక్కడివో అర్థమవుతుంది.

4. ముందు మాట, తరవాత ఫోను

కారు దిగగానే ఫోను పైకెత్తితే ఆ ఇంట్లో అందరూ ఫైనాన్సు వాళ్లొచ్చారనుకుంటారు. కారు కాస్త దూరంలో ఆపి, చేతులు ఖాళీగా నడిచి వెళ్లండి. పెద్దాయన కనిపిస్తే “బాబాయ్, బండి భలే ఉంది, ఏ సంవత్సరంది?” అన్న ఒక్క ప్రశ్న చాలు. వయసు ఇంకా ఎక్కువైతే తాతగారూ, మీ ఈడువాడైతే అన్నయ్యా. “ఎవరు కొన్నారు, మీరా మీ నాన్నగారా?” అని అడిగితే కుర్చీ వస్తుంది, మంచినీళ్లు వస్తాయి, అప్పు ఎంత తెచ్చారో, ఎన్నేళ్లు కట్టారో మొత్తం వస్తుంది.

అడగకూడనిది “అమ్ముతారా?” అన్న మాట. సరదాకైనా వద్దు. అడిగిన మరుక్షణం మీరు బేరగాళ్ల కింద జమ. పూజ జరుగుతుంటే చెప్పులు విప్పి పక్కన నిలబడండి. హారతి అయ్యేదాకా ఎవరినీ పలకరించకండి. బొట్టు పెట్టిన బండి మీద కాలు పెట్టి ఫోటో దిగాలన్న ముచ్చటను అసలే మానుకోండి. అలంకారం ఎవరు చేశారో అడిగి తెలుసుకోండి. బండి ఆయనదైనా ముగ్గూ దండలూ కట్టింది ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలే అయి ఉంటారు, ఆ మెచ్చుకోలు వాళ్లకు చేరాలి.

5. అలంకారాన్ని ముక్కముక్కగా చూడండి

బండి మొత్తాన్ని ఒక్క ఫోటోలో పట్టేసి వచ్చేస్తే ఇంటికెళ్లాక అన్నీ ఒకేలా ఉంటాయి. ముందు మడ్‌గార్డు దగ్గర కూర్చోండి. మాడుగుల రోడ్డులో ఒక ఇంటి ముందు చూసిన మాసీ బండి మడ్‌గార్డు మీద పెయింటు పెచ్చు లేచి మూడు పొరలు కనబడుతున్నాయి. అడుగున కంపెనీ ఎరుపు, దాని మీద నీలం, ఆ పైన పసుపు. పసుపు మీద తామరపువ్వు. పువ్వు కింద ఊరి అమ్మవారి పేరు, ఆ కింద ఇద్దరు పిల్లల పేర్లు, రెండో పేరుకు చోటు చాలక చివరి అక్షరం కిందికి జారింది. సైలెన్సర్ గొట్టానికి నల్లతాడు. స్టీరింగు కింద తోలుపట్టీకి కుట్టిన నాలుగు ఇత్తడి గంటలు. అవి ఆ ఇంట్లో ఆఖరి జత ఎడ్ల మెడపట్టీలోవి. బండి స్టార్టు చేస్తే ఇంజను చప్పుడులో గంటలు వినపడవు. ఆపేశాక ఒక్క క్షణం మోగుతాయి.

చూడాల్సినవి ఇలాంటివే. రాతల్లో ఎవరి పేర్లున్నాయి, పాత రాత మీద కొత్త రాత పడిందా, చేత్తో రాసిందా రేడియం స్టిక్కరా. చేత్తో రాసేవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి కుంచె గీత కనిపిస్తే దగ్గరి నుంచి ఫోటో తీయండి. వెలుతురు ఉదయం 9 లోపు, సాయంత్రం 4 తరవాత బాగుంటుంది. మిట్ట మధ్యాహ్నం బానెట్ మెరుపు తప్ప ఫోటోలో ఏమీ మిగలదు. బయట పెట్టే ఫోటోల్లో నంబరు ప్లేటును చెరిపేయండి. పిల్లల ముఖాలుంటే పెద్దవాళ్ల అనుమతి తీసుకోండి. ఆ రోజు రాత్రికే ఫోటోలు వాళ్లకు వాట్సాప్‌లో పంపండి. ఆ పని చేసినవాళ్లను మళ్లీ ఏడు వాళ్లే పిలుస్తారు.

6. రోడ్డు మీద

ట్రాక్టర్‌కు తగిలించిన ట్రక్కులకు వెనక లైట్లు చాలావరకు పనిచేయవు, కొన్నిటికి అసలుండవు. చీకట్లో ఆగి ఉన్న చెరుకు ట్రక్కు దగ్గరికొచ్చేదాకా కనపడదు. సాయంత్రం 6 తరవాత ఈ రోడ్ల మీద ఉండకండి. పగలైనా వెనక దూరం పాటించండి. డ్రైవర్‌కు ఇంజను మోత తప్ప మీ హారన్ వినపడదు, లోడు అడ్డం కాబట్టి మీరు కనపడరు. కుడివైపు పొలం దారి ఉన్నచోట దాటవద్దు. చేయి చూపించకుండానే తిరిగేస్తారు.

ఎక్కి ఒక రౌండు తిరగమని ఆప్యాయంగా పిలుస్తారు. ఆగి ఉన్న బండి సీటు మీద కూర్చోవచ్చు. నడుస్తున్న బండి మడ్‌గార్డు మీదగాని, ట్రక్కుకు బండికి మధ్య ఉండే కమ్మీ మీదగాని కూర్చోకూడదు, పిల్లలను అసలు కూర్చోబెట్టకూడదు. కుదుపుకు జారితే పడేది వెనక చక్రం కిందే. వెనక నూర్పిడి యంత్రం ఆడుతుంటే ఇంజను నుంచి దాన్ని తిప్పే కడ్డీకి, అంటే పీటీఓ షాఫ్టుకు, చున్నీ, పంచె, కొంగు దూరంగా ఉంచండి. నిలువు సైలెన్సర్ ఇంజను ఆపిన చాలాసేపటి దాకా కాలుతూనే ఉంటుంది.

7. మీ ఊళ్లో ఒక బండిని నిలబెట్టాలనుకుంటే

ఈ దారి తిరిగొచ్చాక మూలన పడ్డ తాతగారి ట్రాక్టర్‌ను ఊరి మొదట్లో అలంకరించి పెడదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. మంచి ఆలోచనే. పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన పోకముందే పని మొదలుపెట్టండి. ముందు రవాణా శాఖ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి. లేకపోతే కదలని బండికి కూడా కాగితాలు మీ పేరు మీదే నడుస్తాయి. స్థలం రోడ్డు మార్జిన్‌లో కాకుండా పంచాయతీ స్థలంలోగాని, సొంత స్థలంలోగాని ఉండాలి. మార్జిన్‌లో పెడితే రోడ్డు వెడల్పు చేసిన రోజు మొదట పోయేది అదే.

డీజిలు, ఇంజను ఆయిలు, గేరు ఆయిలు పూర్తిగా తీసేయండి, బ్యాటరీ విప్పేయండి. ఇరుసుల కింద సిమెంటు దిమ్మెలు కట్టి బండి బరువు టైర్ల మీద పడకుండా చూడండి. టైర్లలో వాన నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి కాబట్టి చిల్లులు పెట్టండి. పిల్లలు ఎక్కడం ఖాయం. పదునైన రేకు అంచులు సుత్తితో మడిచి, స్టీరింగు, గేరు కదలకుండా వెల్డింగు చేయించండి.

రంగు దగ్గర కక్కుర్తి పడవద్దు. విశాఖ చుట్టుపక్కల ఉప్పుగాలి రేకును తొందరగా తినేస్తుంది. తుప్పును ఇనుప బ్రష్షుతో, ఉప్పు కాగితంతో గీకి, జిడ్డు పూర్తిగా తుడిచి, ఆరాక రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దాని మీద సింథటిక్ ఎనామిల్ రెండు పూతలు వేయించండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, డిసెంబరులో మొదలుపెడితే సంక్రాంతికి ఆరుతుంది. రాతలకు స్టిక్కర్లు అతికించకుండా చేత్తో రాసే పెయింటర్‌ను వెతికి పట్టుకోండి. బండి ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు కొన్నారు, ఎన్ని ఎకరాలు దున్నింది అన్న మూడు వివరాలు మడ్‌గార్డు మీదే రాయించండి. విడిగా బోర్డు పెడితే ఏడాదిలో ఎవరో పీకేస్తారు.